వాలుగ దవడ

ఆ వీడియో పెట్టినప్పుడు రాజకుమారి మనసులో గర్వం తప్ప మరొకటి లేదు.

పొందూరు బజారువీధిలో ఆమె భర్త జగన్నాధానికి చిన్న ఖద్దరు కొట్టుంది. అతని తండ్రి పెట్టినది. నాలుగు మగ్గాలవాళ్ళు, ఇళ్ళలో కూర్చుని నూలు వడికే పదకొండుమంది ఆడవాళ్ళు ఆ కొట్టును నమ్ముకున్నారు. కొట్టు మాత్రం ఎవరిని నమ్ముకోవాలో తెలియక పదేళ్ళుగా ఈసురోమంటూ ఉండేది. పంచె కట్టే మగవాళ్ళు తగ్గిపోయారు. కట్టేవాళ్ళకి మరమగ్గం బట్ట చవకగా దొరుకుతోంది. అలాంటి రోజుల్లో సెల్‌ఫోన్లలో నెట్ చవకైంది. రాజకుమారి చెల్లెలు ఆమెను ఫేస్‌బుక్కులో "మన మడి బట్ట" అనే గ్రూపులో చేర్చింది. పూజలకి, వ్రతాలకి చేతితో నేసిన బట్టే కట్టుకోవాలనుకునేవాళ్ళు అందులో ఉంటారు. హైదరాబాదులో అనూరాధ అనే ఆవిడ దాన్ని నడుపుతుంది. అప్పటికి ఇరవైవేల మంది సభ్యులు.

రాజకుమారి మొదట్లో ఊరికే చూస్తుండేది. తరవాత మగ్గం మీదున్న పంచె ఫోటో ఒకటి పెట్టింది. ఏడాది తిరిగేసరికి కొట్టుకి వచ్చే బేరాల్లో సగం ఆ ఫోనులోంచే రాసాగాయి. ఆ గ్రూపు గురించి ఆవిడ పుట్టింటివాళ్ళ గురించి చెప్పుకున్నట్టు చెప్పుకునేది.

"ఇది విన్నారా? మా బెంగుళూరు పద్మజకి మనవడు పుట్టినాడట."

"ఆ పద్మజని నువ్వెప్పుడు చూసినావే?"

"చూడకపోతే ఏటి? రోజూ మాటాడుకుంటన్నాం. మీ మేనత్త కూతురు నాలుగు మైళ్ళ దూరంలో ఉన్నాది, ఆవిడ్ని చూసి మీకెన్నేళ్ళయినాది?"

జగన్నాధం బట్టలు మడతపెట్టుకునేవాడు.

ఆ ఏడు ఆశ్వయుజంలో గ్రూపువాళ్ళంతా కూడబలుక్కుని, రాబోయే రథసప్తమికి ఎనభై పంచెలు కావాలన్నారు. అంత పని ఒక్కసారి రావడం జగన్నాధం ఎరుగడు. వడికేవాళ్ళలో పెద్దది లక్ష్మణమ్మ. డెబ్భై దాటిన మనిషి. ఈ ఏడుతో రాట్నాలు కట్టిపెట్టి ఉపాధి పనికి పోదామని మిగతా ఆడవాళ్ళు అనుకుంటుంటే, ఎనభై పంచెల మాట చెప్పి వాళ్ళని ఆపింది ఆవిడే. ఉన్న పత్తి సగానికే వస్తుంది. మిగతా సగానికి పత్తి తెప్పించాలని జగన్నాధం అనుకుంటున్నాడు.

అంతలో కార్తీకమాసం వచ్చింది. రెండో సోమవారం పొద్దున్న రాజకుమారి లక్ష్మణమ్మ ఇంటికి వెళ్ళి ఫోనులో వీడియో తీసింది. పత్తిని దువ్వుతున్న లక్ష్మణమ్మ చేతిని దగ్గరగా చూపించి, తన గొంతుతో చెప్పింది: "చూడండి, ఇది వాలుగ చేప దవడ. దీనికున్న పళ్ళు సూదుల్లా ఎంత సన్నగా ఉన్నాయో చూడండి. మా పూర్వీకుల నుంచీ దీంతోనే పత్తి దువ్వుతాం. అందుకే మా నూలు అంత సన్నగా వస్తుంది. ఎక్కడా యంత్రం తగలదు."

ఆ ఊళ్ళో చేప దవడ అని నోటితో అంటారుగాని, అందులో చేప ఉందని ఎవరికీ తోచదు. కంసాలికి సుత్తి, దర్జీకి కత్తెర ఎలాగో వడికేవాళ్ళకి అది అలాగ. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచీ చూస్తున్న వస్తువు. పైగా మరమగ్గం బట్టనే చేనేతని అమ్మేవాళ్ళు ఎక్కువైన రోజుల్లో, ఇదిగో మాది అసలైనది అని చూపించడానికి అంతకన్నా మంచి గుర్తు ఆవిడకి దొరకలేదు.

మొదటి జవాబు విజయనగరం నుంచి వచ్చింది. గణపతిరావు అనే పెద్దాయన, తాలూకాఫీసులో పనిచేసి రిటైరైనవాడు, గ్రూపులో ఆయన మాటకి విలువుంది. "అమ్మా, ఇన్నాళ్ళూ మడి బట్ట అని మాకు అమ్మింది చేప ఎముక తగిలిన బట్టా? నియమంతో పూజ చేసుకునేవాళ్ళని ఇలా మోసం చేయవచ్చా? అదీ కార్తీక సోమవారం నాడు గొప్పగా చూపిస్తున్నారా?" అని రాశాడు.

మధ్యాహ్నానికి రెండువందల జవాబులు వచ్చాయి. సాయంత్రానికి లెక్క తెలియలేదు. తిట్టినవాళ్ళు ఉన్నారు, వెక్కిరించినవాళ్ళు ఉన్నారు, ఆ బట్ట కట్టుకుని చేసిన సత్యనారాయణ వ్రతం చెల్లుతుందా అని నిజంగానే బెంగపడి అడిగినవాళ్ళూ ఉన్నారు. శంఖం మాత్రం ఎముక కాదా అని ఒకాయన అంటే, శంఖాన్ని శాస్త్రం చెప్పింది, చేప దవడని ఏ శాస్త్రం చెప్పిందో చూపించమని ఇంకొకాయన పట్టుకున్నాడు. పద్మజ ఏమీ రాయలేదు. రాజకుమారికి అదే ఎక్కువ బాధ.

"ఒక్క మాట రాయొచ్చు గదండీ. నాతో రోజూ మాటాడిన మనిషి."

"ఏటి రాయమంటావు పాపం. ఆవిడకి మాత్రం ఏటి తెలుసు," అన్నాడు జగన్నాధం.

అతను మర్నాడు పూజలో కూర్చుని శంఖంలోకి నీళ్ళు తీస్తూ ఆగిపోయాడు. ఇదీ ఒక జీవి ఒంటిమీదిదే కదా అనుకున్నాడు. తేనె, పట్టు కూడా ఆలోచనలోకి వచ్చాయి. కాని అవన్నీ తన సందేహానికి సమాధానాలో, తన వ్యాపారానికి సాకులో అతనికే తెలియలేదు. యాభై ఎనిమిదేళ్ళు వచ్చాయి. ఎనిమిదో ఏట ఉపనయనం అయిన దగ్గర్నుంచీ ఇదే బట్ట కట్టుకుని దేవుడి ముందు కూర్చుంటున్నాడు. ఈ ప్రశ్న తనకి ఒక్కనాడూ రాలేదే అని అతనికి కొంచెం సిగ్గేసింది కూడా. ఫోనులో ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు అడగవలసి వచ్చింది.

ఆ వారంలో ఎనభైలో ముప్పై ఆరుగురు తమకి పంచె వద్దని రాశారు. మిగతావాళ్ళు ఏ సంగతీ చెప్పకుండా చూస్తున్నారు. పత్తి తెప్పించడం ఆగిపోయింది.

అప్పుడు అనూరాధ ఫోను చేసింది. మంచి మనిషి. గొంతులో కోపం లేదు.

"జగన్నాధం గారూ, మీరు బాధపడకండి. ఇవన్నీ రెండు రోజుల గాలి. ఒక్క పని చేయండి. పూజ బట్టల కోసం వేరే దువ్వెన వాడుతున్నాం అని రెండు ముక్కలు రాసి, దువ్వెన ఉన్న ఫోటో ఒకటి పెట్టండి. అందరూ మర్చిపోతారు. నేనూ పైన పిన్ చేసి పెడతాను."

"దువ్వెనతో కుదురుతాదో లేదో చూడాలండి," అన్నాడతను.

"కుదరకపోతే మాత్రం ఎవరు చూడొస్తారండీ," అందావిడ, నవ్వుతూనే.

జగన్నాధం ఆ చివరి మాటని పక్కన పెట్టి, ముందు నిజంగానే కుదురుతుందేమో చూద్దామనుకున్నాడు. శ్రీకాకుళం వెళ్ళి సన్నపళ్ళ దువ్వెనలు నాలుగు రకాలు, ఇనప తీగల బ్రష్షు ఒకటి కొనుక్కొచ్చి లక్ష్మణమ్మ ముందు పెట్టాడు. ఆవిడ వాటిని తిప్పి తిప్పి చూసింది.

"పేలు దువ్వుకునేవి తెచ్చినావేటి బాబూ?"

"ఒక్కసారి సేసి సూడు అప్పా. నా కోసం," అన్నాడు జగన్నాధం, అక్కని పిలిచే పిలుపుతో.

ఆవిడ రెండు రోజులు చేసింది. మనసుపెట్టే చేసింది. ఆ వైపు పండే కొండపత్తి పోగు పొట్టిది. దవడ పళ్ళయితే పోగుల్ని ఒకదాని పక్కన ఒకటి పడుకోబెడతాయి, మధ్యనున్న నలుసుని బయటికి తీస్తాయి. దువ్వెన అలా కాదు, పోగుల్ని తెంపి ఉండలు చేసింది. ఆ పత్తితో చుట్టిన ఏకులు, వడకడానికి చేసిన దూది చుట్టలు, రాట్నం మీద జానెడు పోగు రాకముందే పుటుక్కుమన్నాయి. మూడో రోజు జగన్నాధం, రాజకుమారి వెళ్ళేసరికి ఆవిడ ముందు తెగిన నూలు కుప్పగా పడి ఉంది.

"ఇది పీకతన్నాది బాబూ, దువ్వట్నేదు. నీ మాట కాదననేక సేసినాను. పత్తంతా పాడైపోనాది."

జగన్నాధం అరుగు మీద కూర్చున్నాడు. తరవాత, పక్కనున్న భార్య వైపు చూడకుండా అన్నాడు: "పోనీ అప్పా, ఆ దువ్వెన ఊరికే సేత్తో పట్టుకుని కూకో. రాజీ ఒక ఫోటో తీస్తాది."

"ఎందుకు?"

అతను చెప్పాడు. చెప్తున్నకొద్దీ గొంతు తగ్గిపోయింది.

లక్ష్మణమ్మ దువ్వెన తీసి చేతిలో పట్టుకుంది. కొంగు సర్దుకుని ఫోనుకేసి తిరిగింది కూడా. "తీసుకోండి, నాకేటి. ఫోన్లో ఉన్నోళ్ళకి ఏటి సెప్పుకుంటారో మీ ఇష్టం. మరి ఆ బట్ట దేవుడి ఒంటి మీదకి ఎల్తాది గదా. ఆయనకేటి సెప్తావు బాబూ?"

ఆవిడ దెప్పిపొడవాలని అనలేదు. నిజంగానే అడిగింది. ఏదో ఏర్పాటు చేసే ఉంటాడని అనుకుంది కాబోలు.

రాజకుమారి ఫోను దించేసింది. జగన్నాధం, "ఆ దువ్వెన అవతల పెట్టీ అప్పా," అన్నాడు. "నువ్వు రోజూ సేసినట్టే సెయ్యి. రాజీ వీడియో తీస్తాది. అడిగినవాళ్ళకి నువ్వే సెప్పు."

"నానా? నాకేటి తెలుసని."

"నాకంటే నీకే తెలుసు."

ఆవిడ కాళ్ళు చాపుకుని కూర్చుని దవడ చేతిలోకి తీసుకుంది. పత్తి దువ్వుతూ, మధ్యమధ్య ఫోనుకేసి చూస్తూ, ఎదురింటావిడతో మాట్లాడినట్టే మాట్లాడింది.

"నా పేరు లక్ష్మణమ్మ. పెళ్ళయి ఈ ఊరొచ్చినకాణ్ణుంచి వడుకుతన్నాను. ఇది సేప దవడే. ఇది నేకపోతే ఈ నూలు రాదు. దువ్వెనతో సేసి సూసినాను, అదిగో కుప్ప, సూడండి. నాను తానం సేసీసే కూకుంటాను. కొత్త దవడొస్తే పసుపు నీళ్ళతో కడిగి, బొట్టెట్టి, అప్పుడు పత్తి మీదెడతాను. మా అత్త అలగ సేసీది. ఆ సేప సచ్చిపోనాక గూడా దేవుడి బట్టకి పని సేస్తన్నాది. నాను పోనాక నా ఎముకలు ఎవులికి పనికొస్తాయి? మీకు ఇష్టమైతే కట్టుకోండి, నేకపోతే మానీండి. నాకు కోపం నేదు."

రాజకుమారి ఒక్క ముక్క కోయకుండా దాన్ని అలాగే పెట్టింది. కింద జగన్నాధం చెప్పగా రాసింది: ఇది మడి అవునో కాదో మేము చెప్పలేము. ఎలా చేస్తామో మాత్రం చెప్పగలము. పంచె వద్దనుకునేవారు నిస్సంకోచంగా చెప్పండి.

ఆ తరవాత ఫోను ముట్టుకోవడానికే ఆవిడకి భయమేసింది. అన్నం వండుతూ నాలుగుసార్లు వంటింటి గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళింది. చివరికి జగన్నాధమే కళ్ళజోడు పెట్టుకుని తెరిచాడు.

వద్దనేవాళ్ళు వద్దనే అన్నారు. ఇంకో పదకొండుమంది తగ్గారు. కొందరు గ్రూపే వదిలి వెళ్ళిపోయారు. కాని ఈసారి వెక్కిరింతలు లేవు. "మామ్మగారి నోట ఆ మాట విన్నాక నాకు మాట రాలేదు" అని పద్మజ రాసింది. రాజకుమారి దాన్ని రెండుసార్లు చదివించుకుంది. వాటన్నిటి మధ్య ఒక కొత్త పేరుంది. తులసి, విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగి.

"మాది భావనపాడు. మా నాన్న గంగులు సముద్రం మీద వేటకి వెళ్తాడు. ఈ గ్రూపులో రెండేళ్ళుగా ఉన్నాను. అన్నీ చదువుతాను, ఎప్పుడూ ఏమీ రాయలేదు. చేపలు పట్టేవాళ్ళ పిల్లకి మడి బట్టతో పనేమిటని ఎవరైనా అంటారేమోనని. మా నాన్న పడవ ఎక్కేముందు గంగమ్మకి దండం పెట్టనిదే తెడ్డు ముట్టుకోడు. వాలుగ మంచినీళ్ళ చేప, మాది సముద్రం. అయినా చేప చేపే. చేప ఎముకతో దేవుడి బట్ట తయారవుతుందని చెప్తే మా నాన్న నమ్మలేదు. వీడియో చూపించాను. ఆయనకి ఒక పంచె, మా ముగ్గురు బాబాయిలకి మూడు కావాలి. అప్పన్న స్వామి కొండకి వెళ్ళేటప్పుడు కట్టుకుంటారు."

జగన్నాధం చదవడం ఆపి కళ్ళజోడు తుడుచుకున్నాడు. తన కొట్టుకి ఇన్నేళ్ళలో బెస్తవాళ్ళు ఎవరైనా వచ్చి పంచె కొన్నారా అని ఆలోచిస్తే ఒక్కరూ గుర్తు రాలేదు. రావొద్దని అతనెప్పుడూ అనలేదు. రమ్మనీ అనలేదు.

ఆ పిల్ల మాటల కింద, ఇన్నాళ్ళూ ఊరికే చదువుకుంటూ ఉన్నవాళ్ళు ఇంకా కొందరు నోరు విప్పారు. పాతపట్నం నుంచి ఒక టైలరు, బొబ్బిలి నుంచి వీణ నేర్చుకునే ఇద్దరు అక్కాచెల్లెళ్ళు. ఒకరొకరుగా ఇంకో ముప్పై అయిదు పంచెలు అడిగారు.

కార్తీకం చివర్లో ఒక పొద్దున్న ప్యాసింజరు దిగి, సన్నగా పొడుగ్గా ఉన్న పెద్దమనిషి కొట్టు వెతుక్కుంటూ వచ్చాడు.

"నేను గణపతిరావుని. విజయనగరం," అన్నాడు గుమ్మంలోనే నిలబడి.

రాజకుమారి చేతిలో ఉన్న బట్ట పక్కన పెట్టింది. "కూకోండి బాబుగారూ. మంచినీళ్ళు తాగుతారా?" అంది.

"తాగుతాను. మీ ఇంట్లో చేపలు వండరు కదా?"

"కార్తీకంలో వండం."

ఆ జవాబుకి ఆయన మొహంలో బిగువు కొంచెం సడలింది. నీళ్ళు తాగి గ్లాసు పక్కన పెట్టాడు. "రాతలు ఎన్నైనా రాయొచ్చు. ఒకసారి కళ్ళతో చూడాలనిపించింది," అన్నాడు.

జగన్నాధం ఆయన్ని లక్ష్మణమ్మ ఇంటికి తీసుకెళ్ళాడు. ఆవిడ స్నానం చేసి, తడి ఆరని జుట్టుతో అప్పుడే పనిలో కూర్చుంది. వచ్చినదెవరో జగన్నాధం చెప్తే తలెత్తి చూసింది.

"నువ్వేనేటి ఫోన్లో నన్ను తిట్టినోడివి?"

"మిమ్మల్ని కాదమ్మా. ఆ ఎముకని."

"అదీ నానూ యాభై ఏళ్ళ కాణ్ణుంచి ఒకటే. కూకో బాబూ."

ఆయన పీట మీద కూర్చుని గంటసేపు చూశాడు. దవడ కింద పత్తి తెల్లగా పొగలా విచ్చుకోవడం చూశాడు. ఆవిడ ఒక ఏకు తీసి ఆయన అరచేతిలో పెడితే, బరువు తెలియక చెయ్యి పైకీ కిందికీ ఆడించుకున్నాడు. దవడని మాత్రం ముట్టుకోలేదు. ఆవిడా ముట్టుకోమనలేదు. చాలాసేపటికి అడిగాడు.

"అమ్మా, దీని కోసం చేపను చంపుతారా?"

"నేదు బాబూ. తినడానికి పడతారు. దవడ పారీస్తారు. పారీసిందే మా కాడికొస్తాది."

గణపతిరావు జగన్నాధం వైపు తిరిగాడు. "ఇన్ని వందలమంది ఇన్ని రాశాం. ఈ ఒక్క మాట ఎవరమూ అడగలేదు."

"మేమూ సెప్పలేదు బాబుగారూ. సెప్పాలని తెలీలేదు," అన్నాడు జగన్నాధం.

కొట్టుకి తిరిగొచ్చి ఆయన రెండు పంచెలు తీయించుకున్నాడు. అక్కడే బల్ల మీద కూర్చుని, ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ అరగంట రాశాడు. ఆయన రైలెక్కి వెళ్ళాక రాజకుమారి అది తెరిచింది. భర్త చేతికి ఇవ్వకుండా, ఫోను పట్టుకునే లక్ష్మణమ్మ ఇంటికి నడిచింది. జగన్నాధం కొట్టు తలుపు దగ్గరకి వేసి వెనకాలే వెళ్ళాడు.

"సదువు, సదువు," అంది లక్ష్మణమ్మ.

రాజకుమారి చదివింది.

"నేను పొందూరు వెళ్ళి చూసి వచ్చాను. అది చేప దవడే. దాని కోసం చేపను చంపరు. ఆ బట్ట పూజలో కట్టుకోవచ్చునో లేదో నేను ఇంకా తేల్చుకోలేదు, మా గురువుగారిని అడుగుతాను. ఈలోగా రెండు పంచెలు కొన్నాను. అబద్ధం చెప్పి అమ్ముకునే వీలుండి కూడా చెప్పనివాళ్ళ దగ్గర కొన్నాను. నేను మొదట రాసినదాంట్లో మోసం అనే మాట ఉంది. అది నా తప్పు. దాన్ని చెరపకుండా ఉంచుతున్నాను. చదివినవాళ్ళు దాని కింద ఇది కూడా చదవాలి."

దానికింద అనూరాధ రాసింది. ఇకమీదట గ్రూపులో అమ్మేవాళ్ళు ఎవరైనా సరే, తమ వస్తువు ఎలా తయారవుతుందో దాచకుండా రాయాలి, తనతో సహా అందరూ నేర్చుకోవలసింది ఉంది అని. అప్పుడే కంచి నుంచి ఒక పట్టుచీరల ఆయన, పట్టు ఎలా తీస్తారో రాయడానికి నాలుగు రోజులు గడువు అడిగాడు.

లక్ష్మణమ్మకి అనూరాధ సంగతి అక్కరలేదు. "ఆ విజీనారం బాబు గురువుగారు వద్దంటే?" అని అడిగింది.

"వద్దంటే కట్టుకోడు అప్పా."

"సర్లే. అడిగి తెలుసుకోనీ. మంచిదే." ఆవిడ దవడకి అంటిన పత్తి దులిపింది. "ఇంతకీ ఎన్ని నేయాల?"

"పోయినవాళ్ళు పోగా, కొత్తగా వచ్చినవాళ్ళతో కలిపి డెబ్భై రెండు. ఎనభై అవలేదు."

"ఎనభైకి ఒప్పుకున్నప్పుడే ఎలగ సేస్తామా అని బెంగెట్టుకున్నాను," అందావిడ. "మరి పత్తి ఎప్పుడు తెస్తావు?"

"సోమవారం పంపుతామన్నారు."

"ఆదివారమే తే బాబూ. మా పక్కింటి సోములు కోడలు వడకడం నేర్సుకుంటానంటన్నాది. కొత్త సెయ్యి గదా, కొంత పాడుసేస్తాది. దానికి గూడా కలిపి తే."